బియ్యం మూట మీద కెమెరా

పోయిన నెల మా పక్కింటి కుర్రాడు ఒక కాగితం పట్టుకొచ్చాడు. కెమెరాల పేర్లు, లెన్సుల పేర్లు, ధరలు, నెలకు ఎంత వాయిదా పడుతుందో లెక్కలు, అన్నీ వరసగా రాసుకున్నాడు. "పెద్దనాన్నా, వేసవిల తాడోబా పోతున్న. వీటిల్ల ఏది కొనమంటవ్?" అన్నాడు. నాకు మాత్రం ఆ కాగితంలో లేని ప్రశ్నలే ఎక్కువ కనిపించాయి. ఎన్ని సఫారీలు పోతున్నావు, బండిలో ఎంతమంది ఉంటారు, రెండు కిలోల బరువు చేతిలో ఎంతసేపు పట్టగలవు? రెండు మూడు సాయంత్రాలు వాణ్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని మాట్లాడాను. వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

నాది మంచిర్యాల. సింగరేణి వర్క్‌షాపులో ముప్పై మూడేళ్ళు ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా ఊళ్ళో పొద్దున్నే రైలెక్కితే ఎండ ముదరకముందే బల్లార్షాలో దిగొచ్చు. అక్కణ్నుంచి చంద్రపూర్, అది దాటితే తాడోబా పులుల అడవికి పోయే మొహర్లీ గేటు. మాకు హైదరాబాద్ కన్నా తాడోబాయే దగ్గర. రీలుకు 36 ఫొటోలుండే ఫిల్మ్ కాలం నుంచి పోతున్నాను. అప్పట్లో ఒక్క రీలును రెండు సఫారీలకు సరిపెట్టుకునేవాణ్ని. ఇన్నేళ్ళలో నాకు తెలిసొచ్చిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. పులి మన ముందు ఉండేది చాలాసార్లు పది పదిహేను సెకన్లు. ఆ కాసేపట్లో మన చేతికి అడ్డం రానిదే మంచి సామాను. ధర, పేరు, కొత్తదనం అన్నీ దాని తర్వాతే.

1. ముందు లెన్స్, తర్వాత కెమెరా

డిజిటల్‌కు మారినప్పుడు నా డబ్బు తప్పు చోట పెట్టాను. కెమెరా కొత్తది కొని, 300 దాకా లాగే పాత చిన్న జూమ్‌నే దానికి తగిలించాను. తెలియా చెరువు ఒడ్డున ఆడపులి పడుకుని ఉంది, మాకు నూరు గజాలు పైనే దూరం. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూసుకుంటే చెరువు వచ్చింది, గడ్డి వచ్చింది, గడ్డిలో ఒక పసుపు మచ్చ వచ్చింది. పెద్దది చేసేకొద్దీ ఆ మచ్చ గళ్ళుగళ్ళుగా విడిపోయింది.

మన టైగర్ రిజర్వుల్లో బండి దిగకూడదు. బండి కూడా దారి వదిలి అడవిలోకి దిగకూడదు. కాబట్టి దగ్గరికి పోయే పనంతా లెన్సే చేయాలి. 400 నుంచి 600 మిల్లీమీటర్ల దాకా అందే జూమ్ మన అడవులకు సరిపోతుంది. సిగ్మా, టామ్రాన్ వాళ్ళ 150-600, నికాన్ 200-500, కెనాన్ 100-400, మిర్రర్‌లెస్ కెమెరాలకైతే నికాన్ 180-600, సోనీ 200-600, కెనాన్ 100-500. వీటిలో మీ కెమెరాకు సరిపడేది ఏదైనా ఫరవాలేదు. వాటి మధ్య తేడాల గురించి మనుషులు గంటలు గంటలు వాదించుకోవడం విన్నాను. అడవిలో ఆ తేడా నాకు ఎన్నడూ కనబడలేదు.

కెమెరా సెన్సర్ చిన్నదైతే దూరాలకు అదీ మేలే. నికాన్, సోనీ చిన్న సెన్సర్ కెమెరాల మీద 400 లెన్సు 600 అంత దగ్గరగా చూపిస్తుంది, కెనాన్‌లో అయితే 640 అంత. 2014లో వచ్చిన కెనాన్ 7డి మార్క్ టూ, 2016లో వచ్చిన నికాన్ డి500 రెండూ సెకనుకు పది ఫొటోలు తీస్తాయి. కొత్త కెమెరాకు డబ్బు చాలనివాళ్ళు ఇలాంటి సెకండ్ హ్యాండ్ కెమెరా మంచిది చూసి కొనుక్కుని, మిగిలింది లెన్సు మీద పెట్టాలి. మా వాడి కాగితంలో కెమెరాకు లక్షా ఎనభై వేలు, లెన్సుకు నలభై వేలు ఉంది. నేను చేసిన మొదటి పని ఆ రెండంకెలకూ అడ్డంగా గీత కొట్టడం.

2. దూరం లెన్సుకు దగ్గర పులి పట్టదు

600 లెన్సు కొన్న ఏడాది చిన్న లెన్సును ఇంట్లోనే వదిలేసి పోయాను. మొహర్లీ నుంచి లోపలికి పోయే తారు రోడ్డు మీద ఒక ఆడపులి ఎదురుగా నడిచొస్తోంది. డ్రైవర్ బండిని మెల్లగా వెనక్కి తీస్తూ, ఒక వంపు దగ్గర పక్కకు ఒదిగి ఇంజన్ ఆపాడు. అది ఆగలేదు. మా బండిని ఆనుకున్నట్టే, చక్రం పక్క నుంచి పోయింది. దాని ఊపిరి నాకు వినబడింది. నా కెమెరాలో ఒక చెవి, సగం కన్ను వచ్చాయి, అవీ మసకగానే. ఆ లెన్సు దగ్గరున్న వస్తువును అసలు పట్టదు. సిగ్మా 150-600 కాంటెంపరరీకి 2.8 మీటర్ల దూరం కావాలి, నికాన్ 200-500కి 2.2 మీటర్లు. అంతకన్నా దగ్గరికొస్తే లెన్సు ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూనే ఉంటుంది.

అందుకే రెండో కెమెరా ఉండాలి. పాతది చాలు, చిన్న సెన్సర్‌ది చాలు. 18-140 లాంటిదో, 70-200 లాంటిదో దానికి తగిలించి మెడలో వేసుకోవాలి. ఏనుగులుండే నాగర్‌హొళె, కబిని వైపు పోయేవాళ్ళకు ఇది మరీ అవసరం. అక్కడ మంద దారి దాటుతుంటే 400 లెన్సులో కాళ్ళు తప్ప ఏమీ రావు. పైగా చిన్న లెన్సు అడవిని కూడా చూపిస్తుంది. నా దగ్గర గోడకు పటం కట్టించుకున్నవి మూడే ఉన్నాయి. మూడింటిలోనూ పులి చిన్నదిగా, చుట్టూ వెదురు పొదలు, టేకు చెట్లు పెద్దవిగా ఉంటాయి. ఫోన్‌తో తీసుకుందాంలే అనుకోవద్దు. తాడోబా కోర్ ప్రాంతంలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు.

3. వెలుతురు లెక్క

జంతువులు తిరిగేది తెల్లవారుజామున, పొద్దు వాలాక. కెమెరాకు కావలసిన వెలుతురు ఉండేది మధ్యాహ్నం. సఫారీ ఫొటోల కష్టమంతా ఈ ఎదురుబొదురులోనే ఉంది.

లెన్సు మీద ఎఫ్ పక్కన ఉండే అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి పోతుంది. 2.8 లెన్సు 6.3 లెన్సు కన్నా సుమారు ఐదు రెట్లు ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. 400 ఎఫ్ 2.8 లెన్సుతో తీసిన ఫొటోల్లో పులి వెనకాల అడవి వెన్నలా కరిగిపోయి ఉంటుంది, నిజమే. దాని ధర పది లక్షలు దాటుతుంది, బరువు మూడు కిలోల దాకా ఉంటుంది. వృత్తిగా చేసేవాళ్ళ సంగతి వేరు. మిగతా మనమంతా ఐఎస్ఓ పెంచడం నేర్చుకుంటే చాలు.

ఐఎస్ఓ పెంచితే ఫొటోలో రవ్వ వస్తుందని భయపడి చాలామంది షట్టర్ వేగం తగ్గిస్తారు. నేనూ ఫిల్మ్ అలవాటుతో చాలా ఏళ్ళు అదే చేశాను. 100 ఐఎస్ఓ రీలు వేసుకుని తిరిగినవాడికి 3200 అనే అంకె చూస్తేనే చేయి వెనక్కి పోతుంది. కానీ రవ్వను ఇంటికొచ్చాక సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తుడవొచ్చు. కదిలిపోయిన పులిని ఏ సాఫ్ట్‌వేరూ నిలబెట్టలేదు. ఇప్పుడు పొద్దున మొదటి అరగంట 6400 దాకా వెనకాడకుండా పెడతాను. ఫొటోను రా ఫైలుగా తీసుకుంటే తర్వాత సరిదిద్దుకోవడానికి ఇంకా చోటుంటుంది.

4. బియ్యం మూట

ఇంత ఖరీదైన సామాను గురించి మాట్లాడుకున్నాక మూట గురించి ఇంత పొడుగు చెబుతున్నానేమిటని అనుకోవద్దు. నా ఫొటోల్లో పదును పెరిగింది దీనివల్లే.

సఫారీకి వాడే జిప్సీ బండిలో ట్రైపాడ్ పెట్టడానికి చోటుండదు. గైడు, డ్రైవర్ కాక ఆరుగురు కూర్చుంటారు. మూడు కాళ్ళూ విప్పితే ఒక కాలు పక్కవాళ్ళ ఒళ్ళోనే. ఒంటికాలు స్టాండు కొంత నయం, కానీ బండి నేల మీద ఎవరు కాలు కదిపినా ఆ కదలిక దాని గుండా కెమెరాలోకి ఎక్కుతుంది. మూట అలా కాదు. జిప్సీ కడ్డీ మీద పెడితే అటూ ఇటూ జారి గుర్రం మీద జీనులా కూర్చుంటుంది. దాని మీద లెన్సు పెట్టి, పైన ఎడమ అరచేయి ఆనించి నొక్కి పట్టుకోవాలి.

మా ఆవిడ పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి కుట్టింది. ఒక మూలకు జిప్పు, రెండు వైపులా కడ్డీకి కట్టుకోవడానికి నాడాలు. ఖాళీగా మడిచి సంచిలో పెట్టుకుపోతాను. చంద్రపూర్‌లో దిగాక ఏదో ఒక కిరాణా కొట్లో మూడు కిలోల బియ్యం కొని, లోపలి గుడ్డ సంచిలో పోసి మూతి కట్టి దీనిలో దూరుస్తాను. పూర్తిగా కూరితే రాయిలా గట్టిపడుతుంది, లెన్సు దొర్లుతుంది. మూడొంతులు నింపితే చాలు. శనగలూ పనికొస్తాయి. ఇసుక మాత్రం వద్దు, ఏ కుట్టు సందులోంచో కారి లెన్సు రింగులో పడితే గరగరమంటుంది. థర్మోకోల్ గుళ్ళు నింపిన రెడీమేడ్ సంచులు తేలికగానే ఉంటాయి, కానీ బరువు లేనిది బరువును ఆపదు. తిరుగు ప్రయాణంలో ఆ బియ్యం లాడ్జి వంటింట్లో ఇచ్చి వస్తాను.

మూట ఉన్నా ఇంజన్ ఆగకపోతే లాభం లేదు. పులి కనబడగానే డ్రైవర్‌కు చెప్పాల్సిన మొదటి మాట "ఇంజన్ బంద్." అది కూడా ఎక్కేముందే, గేటు దగ్గర టీ తాగుతూ చెప్పి ఉంచాలి. ఆ క్షణంలో నోట మాట రాదు.

5. దుమ్ము

ముప్పై మూడేళ్ళు బొగ్గు దుమ్ములో యంత్రాలు విప్పి బిగించినవాణ్ని కాబట్టి ఈ పాఠం నాకు కెమెరాకు ముందే తెలుసు. అయినా ఒకసారి తప్పు చేశాను. మే నెలలో, ముందు పోయిన బండి లేపిన ఎర్రదుమ్ము ఇంకా అణగకముందే లెన్సు మార్చాను. ఆ రోజు తీసిన ప్రతి ఆకాశంలోనూ నాలుగు నల్లచుక్కలు, ఒకేచోట.

బండిలో లెన్సు మార్చకూడదు, అంతే. రెండు కెమెరాలు ఎందుకో ఇప్పుడు ఇంకో కారణం దొరికింది కదా. కెమెరాలను పాత దిండుగలీబులో దూర్చి ఒళ్ళో పెట్టుకుంటాను. బ్యాగులోంచి జిప్పు లాగి తీసేసరికి పులి దాటిపోతుంది. దిండుగలీబు ఒక్క గుంజుకు వచ్చేస్తుంది. సాయంత్రం గదిలో ముందు రబ్బరు బ్లోయర్, తర్వాత మెత్తటి బ్రష్షు, ఆఖరికి గుడ్డ. ఈ వరస తప్పితే దుమ్ముతోనే అద్దాన్ని రుద్దినట్టు. నోటితో ఊదితే తుంపర పడుతుంది. లెన్సు ముందు రక్షణకని చవక ఫిల్టర్ బిగించడం నాకు ఇష్టం లేదు, పొడుగు లెన్సుల పదునును అది తినేస్తుంది. ముందు హుడ్ ఉంటే చాలు.

6. గేటు దాటకముందే అమర్చుకోవాలి

జంతువు కనబడ్డాక గుండ్రాలు తిప్పుతూ కూర్చునేవాళ్ళను చాలామందిని చూశాను. నా కెమెరా గేటు దగ్గరే ఇలా ఉంటుంది. మాన్యువల్ మోడ్, షట్టర్ సెకనులో వెయ్యో వంతు, లెన్సు పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ మాత్రం ఆటో. వెలుతురు ఎలా మారినా ఆ ఒక్క అంకే దానంతటదే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. నడిచే పులికి అయిదువందో వంతు కూడా చాలుతుంది. పరుగెత్తే రేచుకుక్కలకు వెయ్యి, ఎగిరే పిట్టకు రెండు వేలు పైనే కావాలి. ఫోకస్ ఎప్పుడూ కదిలే జంతువును వెంటాడే పద్ధతిలోనే ఉంచాలి. బీప్ చప్పుడు ఆపేయాలి. ఫ్లాష్ అసలు విప్పకూడదు.

గడ్డి వెనక ఉన్న జంతువు దగ్గర కెమెరాలు మోసపోతాయి. ఫోకస్ చుక్కలన్నీ తెరిచి పెడితే ముందున్న గడ్డిపరక మీద పదును పడి, వెనక పులి పొగలా వస్తుంది. ఒక్క చుక్కే పెట్టి దాన్ని కంటి మీద ఆనించాలి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు జంతువు కన్నును వాటంతటవే పట్టుకుంటున్నాయి. నిజంగా గొప్ప సౌకర్యం, మా తరానికి అది కలలో కూడా లేదు. కానీ దట్టమైన వెదురులో అవి కూడా తప్పు పట్టడం చూశాను, కాబట్టి ఒక్క చుక్క పద్ధతికి ఏ బటన్ నొక్కాలో చేతికి తెలిసి ఉండాలి.

ఇంకొకటి, తెలుపు నలుపుల సంగతి. కెమెరా లోపలి కొలమానం ప్రతిదాన్నీ బూడిదరంగు అనుకుంటుంది. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు చీకటి చెట్ల ముందు కూర్చుంటే అది చెట్లను చూసి వెలుతురు పెంచుతుంది, పక్షి ఈకలు సున్నం కొట్టినట్టు తెల్లబోతాయి. అక్కడ ఒక మెట్టు తగ్గించాలి. అడవిదున్న ఫ్రేమంతా నిండితే కొలమానం దాని నల్లటి ఒంటిని బూడిదగా మార్చేస్తుంది, అక్కడా తగ్గించడమే. అదే దున్న తెల్లటి ఆకాశం ముందు నిలబడితే పెంచాలి. ఈ మూడూ చేతికి అలవాటైతే మిగతావి వాటంతటవే వస్తాయి.

7. కాకులు, కొంగలు

తాడోబాలో నేర్చుకుందాంలే అనుకుంటే ఆ నేర్చుకునే ఖర్చు చాలా ఎక్కువ. మా ఊరి గోదావరి ఒడ్డున కాకులూ, గద్దలూ ఉన్నాయి. దుక్కి దున్నే ట్రాక్టర్ వెనక తెల్లకొంగలు పరుగెడుతుంటాయి. కరెంటు తీగ మీద పాలపిట్ట ఉంటుంది, అది ఎగిరే క్షణం పట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. హైదరాబాద్ వాళ్ళకు అమీన్‌పూర్ చెరువు ఉంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, శీతాకాలంలో పక్షులకు కొదవుండదు. నెల రోజులు వీటి మీద సాధన చేసి, కళ్ళు మూసుకుని బటన్లు గుర్తుపట్టగలిగాకే అడవికి బయల్దేరమని మా వాడికి చెప్పాను.

8. ఎండమావి కెమెరాలో కూడా ఉంటుంది

ఈ పాఠం తెలుసుకోవడానికి నాకు ఒక లెన్సు రిపేరు ఖర్చూ, మూడు నెలలూ పట్టాయి.

ఏప్రిల్ చివర, పొద్దున తొమ్మిదిన్నర దాటింది. నీటిగుంటలో వెనక కాళ్ళు ముంచి మగపులి కూర్చుంది. నూటయాభై మీటర్ల దూరం. మూట ఉంది, ఇంజన్ ఆగింది, షట్టర్ వేగం రెండువేలో వంతు. రెండు వందల ఫొటోలు తీశాను. ఒక్కదానిలోనూ మీసం విడిగా కనబడలేదు. అన్నీ నీళ్ళ అడుగున ఉన్న బొమ్మలా అలలు అలలుగా ఉన్నాయి. లెన్సు పాడైందనుకుని ఒక సర్వీసు దుకాణంలో ఇచ్చాను. విప్పి, శుభ్రం చేసి, సరిచేశామని డబ్బు తీసుకున్నారు. మళ్ళీ అదే సమయానికి, అదే దూరానికి తీస్తే మళ్ళీ అదే అల.

లెన్సులో దోషమేమీ లేదు. వేడెక్కిన నేల మీద గాలి ఒక పొర వేడిగా, ఒక పొర చల్లగా కదులుతుంటుంది. వెలుతురు ఒక్కో పొరలో ఒక్కోలా వంగుతుంది. రోడ్డు మీద ఎండమావి కనబడేది అందుకే. దూరం పెరిగేకొద్దీ, లెన్సు పొడుగు పెరిగేకొద్దీ ఆ వంకరంతా పెద్దదై కనబడుతుంది. ఆగి ఉన్న బండి బానెట్ మీదుగా తీస్తే ఇంజన్ వేడి కూడా అదే పని చేస్తుంది. దీనికి ఏ ఖరీదైన లెన్సూ మందు కాదు. ఎండ ఎక్కకముందు తీయాలి, సాయంత్రం నేల చల్లబడ్డాక తీయాలి, లేదా దగ్గరగా ఉన్నదాన్నే తీయాలి. పది దాటాక దూరపు పులిని నేను ఇప్పుడు దుర్బిణీలోంచి చూస్తాను. దుర్బిణీ కూడా సామానులో భాగమే. 8 రెట్లు పెద్దది చేసి చూపేది ఒకటి కొనుక్కోమని అందరికీ చెబుతాను.

9. బ్యాటరీలు, కార్డులు, చెమ్మ

మిర్రర్‌లెస్ కెమెరాలు బ్యాటరీని వేగంగా తాగుతాయి, కనీసం మూడు ఉండాలి. డిసెంబరు, జనవరి పొద్దుల్లో చలికి బ్యాటరీ ముందే చేతులెత్తేస్తుంది, అదనపువాటిని చొక్కా లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచుకోవాలి. విమానంలో పోయేవాళ్ళు విడి బ్యాటరీలను చేతిసంచిలోనే తీసుకుపోవాలి. కార్డులు రెండు మూడు చిన్నవి మేలు. బండిలో కూర్చుని ఫొటోలు చెరపొద్దు, నేను అలా చెరిపిన వాటిలో చెరపకూడనిది ఒకటి ఉంది.

చెమ్మ సంగతి సూళ్ళూరుపేటలో తెలిసింది. పులికాట్ రాజహంసల కోసం పోయి రాత్రి ఏసీ గదిలో కెమెరా బల్ల మీద ఉంచాను. పొద్దున బయటికి తీయగానే అద్దమంతా ఆవిరి పట్టింది, ఇరవై నిమిషాలు వదల్లేదు. రాజహంసలు లేచి పోయింది ఆ ఇరవై నిమిషాల్లోనే. ఏసీ ఉంటే కెమెరాను బ్యాగులో మూసి, బయటికి వచ్చాక బ్యాగుతో సహా కాసేపు ఆగనివ్వాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా తాడోబా కోర్ మూసేస్తారు. లెన్సులకు బూజు పట్టేది సరిగ్గా వాటిని ముట్టుకోని ఆ మూడు నెలల్లోనే. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, పదిహేను రోజులకొకసారి తీసి ఎండ వెలుతురులో కాసేపు ఆడించాలి.

10. కొనేముందు అద్దెకు తెచ్చుకోండి

హైదరాబాద్‌లో లెన్సులు రోజు అద్దెకు ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు పోయేవాళ్ళకు అద్దెకు మించిన తెలివైన పని లేదు. అందులోనూ బరువు కాగితం మీద తెలియదు. నికాన్ 200-500 లెన్సు ఒక్కటే 2.3 కిలోలు. నాలుగు గంటల సఫారీలో దాన్ని ఎత్తి దించితే మణికట్టుకు తెలుస్తుంది. అరవై దాటాక నా కుడి భుజం సహకరించలేదు, 600 లెన్సు వదిలి తేలికైన 100-400కు మారాను. రెండు వందల మిల్లీమీటర్లు తగ్గినా, చేయి వణకడం మానాక తీసిన ఫొటోలు మెరుగయ్యాయి.

మా ఆవిడది లెన్సు విడిపోని కెమెరా, 2015లో వచ్చిన నికాన్ పి900. అది 24 నుంచి 2000 మిల్లీమీటర్లంత దాకా లాగుతుంది. చీకట్లో తేలిపోతుంది, పరుగెత్తే జంతువును అందుకోలేదు. కానీ మంచి వెలుతురులో కదలకుండా కూర్చున్న గుడ్లగూబను అది తీసినంత దగ్గరగా నా కెమెరా ఏనాడూ తీయలేదు. ఇంటిల్లిపాదీ కలిసి పోయేటప్పుడు, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని పోయేటప్పుడు అలాంటిది చాలు. సోనీ ఆర్‌ఎక్స్10 ఫోర్ ఇంకా మేలురకం, 600 దాకానే అందుతుంది గానీ వెలుతురు బాగా తీసుకుంటుంది.

11. గైడు చెవులు

అడవిలో అన్నిటికన్నా విలువైన పరికరం ముందు సీట్లో కూర్చుంటుంది. మొహర్లీ దగ్గర ఒక గోండు కుర్రాడు చాలా ఏళ్ళు మాకు గైడుగా వచ్చాడు. కణుజు ఒక్క కేక వేస్తే "కాకా, రుకో" అని చేయెత్తేవాడు. దుప్పి ఊరికే కూడా బెదురుతుంది, కొండముచ్చు చెట్టు మీంచి చూసి అరుస్తుంది, కణుజు మాత్రం అబద్ధం ఆడదు అని అతను చెప్పేవాడు. ఆ కేక ఎటునుంచి వచ్చిందో చూసి, పులి ఏ దారి మీదికి వస్తుందో లెక్కగట్టి, సూర్యుడు మన వీపు వైపు ఉండేలా బండి ఆపించేవాడు. నా మంచి ఫొటోల్లో సగం అతను ఎంచిన చోట్ల నుంచి వచ్చినవే.

అలాంటివాళ్ళను ఇంకా దగ్గరికి పొమ్మని, దారి అడ్డం పెట్టమని తొందరపెట్టకూడదు. ఒకసారి మా ముందు బండ్లు అటు ఆరు, ఇటు ఆరు నిలబడి తల్లిపులిని దారి దాటనివ్వలేదు. పిల్లలు అవతలి పొదలో ఉన్నాయి. అది మూడుసార్లు వచ్చి మూడుసార్లు వెనక్కి పోయింది. ఆ వరసలో మా బండీ ఉంది. ఆ రోజు ఫొటోలు నా దగ్గర లేవు, ఉంచుకోలేదు. పక్షి గూళ్ళ విషయంలోనూ అంతే. గూడు ఎక్కడుందో ఎవరికీ చెప్పను, ఫొటోతో పాటు చోటు పేరు రాయను.

12. రెండు పక్కలూ

ఆఖరుది నాకు ఈ మధ్యే తెలిసింది. పులి ఒంటి చారలు మన వేలిముద్రల్లాంటివి, ఒకదానివి ఇంకొకదానికి ఉండవు. అంతేకాదు, ఒకే పులికి ఎడమ పక్క చారలు వేరు, కుడి పక్క చారలు వేరు. లెక్కల కోసం అడవిలో కట్టే కెమెరా ట్రాప్‌లను దారికి ఇటొకటి అటొకటి జంటగా పెట్టేది అందుకే. దారికి తీగ కట్టి, పులి కాలు తగిలితే దాని ఫొటో అదే పడేలా ఎఫ్.డబ్ల్యు. చాంపియన్ అనే అటవీ అధికారి 1920లలోనే చేసి చూపించాడు. ఆ ఫొటోలతో 1927లో పుస్తకం వేశాడు. ఈ ట్రాప్‌లు చేసేదీ అదే పని.

తాడోబా వైపు పుట్టిన పులులు ప్రాణహిత దాటి మా కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తుంటాయి. అక్కడ కొత్తగా కనబడ్డ ఒక మగపులి ఫొటో పట్టుకుని అటవీశాఖ కుర్రాడు ఒకతను మా ఇంటికొచ్చాడు. నా దగ్గర తాడోబా ఫొటోలు చాలా ఉన్నాయని ఎవరో చెప్పారట. వాళ్ళ కెమెరా జంటలో ఒకటి పనిచేయక కుడి పక్క మాత్రమే పడింది. నా దగ్గర ఇప్పటికి అదే వయసు వచ్చి ఉండే, అదే ముఖం అనిపించే పిల్ల మగపులి ఉంది, రెండేళ్ళ కిందట తీసింది. నలభై ఫొటోలు. ముఖం, ముఖం, మళ్ళీ ముఖం, ఎడమ పక్కవి ఆరు. కుడి పక్కది ఒక్కటీ లేదు. ఇద్దరం రాత్రి పదింటి దాకా తెర ముందు కూర్చున్నాం. అదే ఇదని చెప్పలేకపోయాం, కాదనీ చెప్పలేకపోయాం.

అప్పటి నుంచి పులి ముఖం తీశాక, అది తిరిగి పక్కకు పోయేదాకా వేలు తీయను. వెళ్ళిపోయేటప్పుడు తీసినవి అందంగా ఉండవు, అయినా ఉంచుతాను. కెమెరాలో తేదీ, సమయం సరిగ్గా పెట్టి, రాత్రి గదిలో ఏ దారిన ఏ చెరువు దగ్గర చూశామో నోటుబుక్కులో రాసుకుంటాను. మా పక్కింటి కుర్రాడు ఈ మాట విన్నాక జేబులోంచి కాగితం తీసి, లెన్సుల ధరల కింద రెండు గళ్ళు గీసుకున్నాడు. ఒకదాని మీద ఎడమ పక్క అని, రెండో దాని మీద కుడి పక్క అని రాసుకున్నాడు.